సోడియం బెంజోయేట్: ఇంటి స్క్వాష్‌లో, సాస్‌లో ఎంత వేయాలి, ఎలా వేయాలి, ఎక్కడ వేయకూడదు

ఇంట్లో ద్రాక్ష స్క్వాష్, టమాటా సాస్ చేసి నలుగురికీ అమ్మడం మొదలుపెట్టిన ఆడవాళ్లు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ‘బెంజోయేట్ ఎంత వేయాలి?’ అని. చేసినవి చెడకుండా నిల్వ ఉండటానికి కలిపే తెల్లని పొడి ఇది. అప్పటికే వాళ్లకు ఎవరో ఒకరు ‘చిటికెడు చాలు’ అని చెప్పి ఉంటారు. ఒకసారి శిక్షణకు వచ్చిన నలుగురి చేత ఒకే డబ్బాలోంచి తలా ఒక చిటికెడు తీయించి, మిల్లీగ్రాములు చూపే చిన్న త్రాసు మీద విడివిడిగా తూచాను. అన్నిటికన్నా చిన్న చిటికెడు పావు గ్రాముకు కాస్త పైన ఉంది, అన్నిటికన్నా పెద్దది గ్రాముకు దగ్గరగా వచ్చింది. కిలో సాస్‌కు చట్టం అనుమతించేది గ్రాముకు లోపే అయినప్పుడు, మనిషిని బట్టి మూడు రెట్లు తేడా వచ్చే కొలతతో ఈ పని చేయడం సరికాదు. చిటికెడు ఉప్పుకు, పసుపుకు సరిపోయే కొలత. ఈ పొడికి మాత్రం తూకం ఉండాలి.

ముందుగా ఈ పదార్థం ఏమిటో తెలుసుకుంటే తరువాత చెప్పే జాగ్రత్తలకు కారణాలు వాటంతట అవే అర్థమవుతాయి. మన ఇళ్లలో ధూపం వేసే సాంబ్రాణి ఒక చెట్టు బంక. దాన్ని వేడి చేసినప్పుడు లేచే తెల్లని ఆవిరిని చల్లని పాత్ర మీద పట్టి, ఆ స్ఫటికాలకు బెంజోయిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. సాంబ్రాణిని పాశ్చాత్యులు బెంజోయిన్ అంటారు, ఆమ్లానికి పేరు అక్కడి నుంచే వచ్చింది. ఇప్పుడు మార్కెట్లో దొరికేది సాంబ్రాణి నుంచి తీసింది కాదు. పెట్రోలియం నుంచి వచ్చే టోలీన్ అనే ద్రవాన్ని గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపించి బెంజోయిక్ ఆమ్లంగా మారుస్తారు, దానికి సోడియం క్షారం కలిపి సోడియం బెంజోయేట్ చేస్తారు. లవంగాల్లోనూ, దాల్చినచెక్కలోనూ, పెరుగులోనూ ఇదే ఆమ్లం కొద్దిపాటిగా సహజంగానే ఉంటుంది. ఆమ్లాన్నే నేరుగా వేయకుండా దాని సోడియం లవణాన్ని వాడటానికి కారణం కరిగే గుణం: మామూలు వేడిలో లీటరు నీటిలో బెంజోయిక్ ఆమ్లం మూడున్నర గ్రాములు కూడా పూర్తిగా కరగదు, సోడియం బెంజోయేట్ అయితే ఆరు వందల గ్రాముల వరకు కరుగుతుంది. సీసాల మీద, సాస్ పొట్లాల మీద ‘ఐఎన్ఎస్ 211’ అని కనిపించే సంఖ్య దీనిదే; ఐఎన్ఎస్ అంటే తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య.

పులుపు లేని చోట ఇది పనిచేయదు

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోమని కోరుతున్నాను. సూక్ష్మజీవిని ఆపేది సోడియం బెంజోయేట్ కాదు, పులుపు తగిలినప్పుడు అందులోంచి ఏర్పడే బెంజోయిక్ ఆమ్లం. ఆ ఆమ్లం అయాన్లుగా విడిపోకుండా ఉన్నప్పుడే ఈస్ట్ కణం పైపొరను దాటి లోపలికి వెళ్లగలదు. లోపలికి వెళ్లాక విడిపోయి, కణం లోపలి ద్రవాన్ని ఆమ్లంగా మార్చి, దాని పెరుగుదలను అడ్డుకుంటుంది. పులుపును కొలిచే సంఖ్యను పీహెచ్ అంటారు, అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. పదార్థం పీహెచ్ 3 ఉన్నప్పుడు వేసిన దానిలో నూటికి 94 వంతులు ఈ పనికొచ్చే రూపంలో ఉంటుంది. పీహెచ్ 4 దగ్గర అది 61కి దిగుతుంది, 5 దగ్గర 14కి పడిపోతుంది, 6కి చేరేసరికి ఒకటిన్నర వంతు మాత్రమే మిగులుతుంది. అంటే పులుపు సరిగా లేని పదార్థంలో రెట్టింపు బెంజోయేట్ వేసినా నిల్వ గుణం పెరగదు, తినేవారి కడుపులోకి పోయే మోతాదు మాత్రం పెరుగుతుంది.

అల్లం వెల్లుల్లి ముద్దలో ఈ పొరపాటు ఎక్కువగా చూస్తున్నాను. ముద్ద నూరి, నూనె కలిపి, కాస్త బెంజోయేట్ వేసి, గది వేడిలో నెల రోజులు ఉంటుందని అమ్ముతున్నారు. వెల్లుల్లి పీహెచ్ 6కు దగ్గరగా ఉంటుంది, అక్కడ బెంజోయేట్ దాదాపు నిద్రపోతున్నట్టే. పైగా గాలి తగలని నూనె కింద, పీహెచ్ 4.6కు పైన, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే బాక్టీరియా పెరిగి విషం తయారు చేయగలదు; ఆ విషం రంగులో, వాసనలో తెలియకపోవచ్చు. అలాంటి ముద్దకు నిమ్మ ఉప్పో, వెనిగరో కలిపి పీహెచ్‌ను 4కు లోపలికి తెచ్చిన తరువాతే నిల్వ గురించి మాట్లాడాలి. అప్పుడు కూడా ఇంటి తయారీ అయితే ఫ్రిజ్‌లోనే ఉంచడం మంచిది.

పీహెచ్ చూడటానికి ప్రయోగశాల అవసరం లేదు. రంగు మారే కాగితపు పట్టీలు మందుల, రసాయనాల దుకాణాల్లో దొరుకుతాయి. ద్రాక్ష, నేరేడు వంటి ముదురు రసాల రంగు పట్టీకి అంటి తప్పు చూపించవచ్చు కనుక, అమ్మకానికి చేసేవారు చేతిలో ఇమిడే చిన్న డిజిటల్ మీటరు కొనుక్కుంటే ఆ ఖర్చు వృథా కాదు.

దేనిలో వేయాలి, దేనిలో వద్దు

ఆవకాయకు ఇది అవసరం లేదు. ఉప్పు, ఆవపిండి, కారం, ముక్క మునిగేంత నూనె, తడి లేని జాడీ ఉంటే ఆ పచ్చడిని కాపాడటానికి అవే చాలు. తరతరాలుగా అవే కాపాడాయి. పాకం చిక్కగా దిగిన జామ్‌కు కూడా చక్కెరే రక్ష. పాలలో దీన్ని కలపడం కల్తీ కిందకే వస్తుంది. నిమ్మ, ఉసిరి, బత్తాయి, జామ వంటి లేత రంగు రసాలకు పొటాషియం మెటాబైసల్ఫైట్, అంటే అందరూ కేఎంఎస్ అని పిలిచే పొడి నప్పుతుంది. దాని నుంచి వచ్చే గంధక వాయువు రసం నల్లబడకుండా కూడా చూస్తుంది. అదే వాయువు ద్రాక్ష, నేరేడు రసాల ఎరుపును, ఊదాను వెలిసిపోయేలా చేస్తుంది కాబట్టి, రంగు రసాలకు, టమాటాకు బెంజోయేట్ వాడతారు. సంచిలో రెండు పొడులూ ఉన్నాయని రెండూ వేయకూడదు. మన ఆహార నిబంధనలు ఉప్పు, చక్కెర, వెనిగర్, నూనె, మసాలాలను ఒకటో తరగతి నిల్వ పదార్థాలుగా, బెంజోయేట్, సల్ఫైట్ వంటి వాటిని రెండో తరగతిగా విభజించాయి. రెండో తరగతిలో సాధారణంగా ఒక్కదాన్నే వాడాలి.

నిమ్మ, ఉసిరి రసాల్లో బెంజోయేట్ వద్దనడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. విటమిన్ సి, బెంజోయేట్ ఒకే సీసాలో ఉండి, వేడి, వెలుతురు తగిలినప్పుడు, రాగి లేదా ఇనుము జాడలు తోడైతే, అతి స్వల్ప పరిమాణంలో బెంజీన్ పుట్టగలదు. బెంజీన్ క్యాన్సర్ కారకం. ఈ సంగతి 1990లో అమెరికా శీతల పానీయాల పరిశ్రమ దృష్టికి వచ్చింది, 2005 తరువాత అక్కడి ప్రభుత్వ పరీక్షల్లో మళ్లీ బయటపడింది. చాలా పానీయాల్లో అది లేదు, లేదా తాగునీటికి పెట్టిన పరిమితికి లోపలే ఉంది. కొన్నింటిలో దాటింది, వాటి తయారీదారులు ఫార్ములా మార్చుకోవలసి వచ్చింది. చక్కెర ఎక్కువ ఉన్న పానీయంలో ఈ చర్య నెమ్మదిస్తుందని కూడా గమనించారు. టమాటాలోనూ కొంత విటమిన్ సి ఉంటుంది కనుక సాస్ సీసాలను ఎండ పడే కిటికీ దగ్గర, పొయ్యి పక్కన పెట్టకూడదు. రాగి, ఇత్తడి గిన్నెల్లో వండకుండా స్టీలు వాడాలి. రంగు నిలుస్తుందని విడిగా విటమిన్ సి మాత్రల పొడి కలిపే అలవాటు ఉంటే మానుకోవాలి.

కొనడం, దాచడం

పొట్లం మీద ‘ఫుడ్ గ్రేడ్’ అనీ, ఐఎన్ఎస్ 211 అనీ, తయారీదారు పేరు, దేశ ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య, గడువు తేదీ అనీ స్పష్టంగా ఉంటేనే కొనాలి. ఇదే రసాయనాన్ని లోహాలు తుప్పు పట్టకుండా ఆపడానికి, బాణసంచా తయారీకి కూడా వాడతారు. ఆ రకానికి తిండికి కావలసిన శుద్ధి ఉండదు, చవకగా వస్తుందని దాన్ని తెచ్చుకోవద్దు. తెల్లగా పొడిగా ఉండటం వల్ల ఇది ఉప్పులా, వంట సోడాలా కనిపిస్తుంది. అందుకే వంటింటి డబ్బాల వరుసలో కాకుండా, మూత గట్టిగా పట్టే సీసాలో పోసి, పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట ఉంచాలి. మా ఇంట్లో అది త్రాసుతోపాటే ఒక పెట్టెలో ఉంటుంది. త్రాసు లేకుండా పొడి తీసే అవకాశం లేకుండా అలా పెట్టాను.

కొలిచే పద్ధతి

గ్రాములో పదో వంతు తేడాలను పొడి రూపంలో కొలవడం కష్టం. దానికి తేలిక మార్గం ముందుగా ద్రావణం చేసుకోవడం. కాచి చల్లార్చిన నీరు కొద్దిగా తీసుకుని అందులో సరిగ్గా 10 గ్రాముల సోడియం బెంజోయేట్ కరిగించి, మళ్లీ నీరు పోస్తూ మొత్తం 100 మిల్లీలీటర్లకు తేవాలి. ఇప్పుడు ఆ ద్రావణంలో ప్రతి మిల్లీలీటరుకు 0.1 గ్రాము పొడి ఉంటుంది. సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజితో కావలసినంత తీసుకోవచ్చు. చివరి మిల్లీలీటరు దాకా కొలత సరిగా వస్తుంది, గట్టిపడిన గడ్డ ఒకటి సీసా అడుగున మిగిలిపోయే భయం కూడా ఉండదు. ఏ విడతకు ఆ విడత కొత్తగా చేసుకోవాలి, మిగిలింది పారబోయాలి.

చట్టంలోని పరిమితులు సోడియం బెంజోయేట్ బరువుగా కాక బెంజోయిక్ ఆమ్లం లెక్కలో ఉంటాయన్నది చాలామంది గమనించరు. 1 గ్రాము ఆమ్లానికి 1.18 గ్రాముల సోడియం బెంజోయేట్ సమానం. మన దేశంలో ఎన్నో ఏళ్లుగా అమల్లో ఉన్న పరిమితుల ప్రకారం కిలో తయారీకి, ఆమ్లం లెక్కన, స్క్వాష్‌లు, సిరప్‌లకు 600 మిల్లీగ్రాములు, టమాటా సాస్‌కు 750, పండ్ల, కూరగాయల పచ్చళ్లకు 250, నేరుగా తాగే పానీయాలకు 120 మిల్లీగ్రాములు. నిబంధనలను అప్పుడప్పుడు సవరిస్తుంటారు కాబట్టి, అమ్మకానికి చేసేవారు ఏడాదికి ఒకసారైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ తాజా పట్టికతో సరిచూసుకోవాలి. నేను ఎప్పుడూ పరిమితి అంచు దాకా వెళ్లను. త్రాసులో, కొలతలో, సీసా నింపడంలో జరిగే చిన్న పొరపాట్లకు చోటు ఉండాలి.

ఇంకో మెలిక లీటరుకు, కిలోకు మధ్య ఉంది. చక్కెర నిండిన స్క్వాష్ లీటరు దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. లీటర్లలో కొలిచి కిలో లెక్కన వేస్తే తక్కువ పడుతుంది, ఆ తరువాత ‘పోయినసారి చాలలేదు’ అని ఎక్కువ వేయడం మొదలవుతుంది. మొత్తం తయారీని తూచి వేయడమే మేలు.

ద్రాక్ష స్క్వాష్, మొదటి నుంచి చివరి దాకా

నల్ల ద్రాక్షను గుత్తుల నుంచి విడదీసి, చిట్లినవి, బూజు తగిలినవి ఏరి పారేసి, మంచి నీటిలో రెండు మూడు సార్లు కడగాలి. ఏరే పని విసుగ్గా ఉంటుంది, కానీ నిల్వలో సగం పని ఇక్కడే అయిపోతుంది. కుళ్లిన పండుతో వచ్చిన ఈస్ట్ భారాన్ని తరువాత ఏ పొడీ పూర్తిగా మోయలేదు. పండ్లను స్టీలు గిన్నెలో మెత్తగా మెదిపి, చేయి పెట్టలేనంత వేడెక్కే దాకా, ఉడుకు రాకుండా, సన్నటి సెగ మీద ఉంచితే తొక్కలోని రంగు రసంలోకి దిగుతుంది. పలుచని గుడ్డలో వడకట్టి, పిండకుండా దిగనిస్తే రసం తేటగా వస్తుంది.

1 లీటరు రసానికి ఒకటిన్నర కిలోల చక్కెర, ముప్పావు లీటరు నీరు, 30 గ్రాముల నిమ్మ ఉప్పు తీసుకోవాలి. చక్కెర, నీరు, నిమ్మ ఉప్పు కలిపి ఒక్క పొంగు రానిచ్చి, మడ్డి తీసి, వడకట్టి, పూర్తిగా చల్లార్చాలి. అందులో రసం కలిపి తూస్తే సుమారు 3.3 కిలోలు వస్తుంది. దీనిలో రసం వాటా 30 శాతం దాకా, చక్కెర 50 శాతం దాకా ఉంటాయి. స్క్వాష్ అని పేరు పెట్టడానికి నిబంధనలు కోరే కనీసం 25 శాతం రసం, 40 శాతం కరిగిన ఘనపదార్థాలు దాటినట్టే. పీహెచ్ చూసి, 3.5కు లోపల ఉందని నిర్ధారించుకున్న తరువాత బెంజోయేట్ దశకు రావాలి.

కిలోకు 0.6 గ్రాముల చొప్పున 3.3 కిలోలకు 2 గ్రాములు, అంటే పైన చెప్పిన ద్రావణం 20 మిల్లీలీటర్లు. ఆమ్లం లెక్కన ఇది కిలోకు 510 మిల్లీగ్రాముల దగ్గర నిలుస్తుంది. దీన్ని చల్లారిన స్క్వాష్‌లో సన్నటి ధారగా పోస్తూ గరిటెతో రెండు మూడు నిమిషాలు కలపాలి. పొయ్యి మీద మరుగుతుండగా వేయకూడదు, బెంజోయిక్ ఆమ్లానికి నీటి ఆవిరితోపాటు కొంత ఎగిరిపోయే గుణం ఉంది. ఒకసారి నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి పని త్వరగా అవుతుందని, చిక్కటి నిమ్మ ఉప్పు నీటిలోనే ఈ ద్రావణాన్ని పోసింది. తేటగా ఉన్న రెండు ద్రవాలు కలవగానే గ్లాసులో పాలు విరిగినట్టు తెల్లని పలుకులు లేచాయి. పులుపు తగిలి బెంజోయేట్ ఆమ్లంగా మారింది, అంత కొద్ది నీటిలో ఆ ఆమ్లం కరగక బయటపడింది. దాన్ని అలాగే కలిపేస్తే ఒక సీసాలో ఎక్కువ, ఇంకో సీసాలో అసలు లేకుండా పోయేది. అందుకే రెండింటినీ ముందే కలపకుండా, విడివిడిగా, మొత్తం తయారీలోనే వేయాలి.

సీసాలను అరగంట ఉడికించి, బోర్లించి, లోపల తడి చుక్క లేకుండా ఆరబెట్టి, పైన అంగుళం ఖాళీ వదిలి నింపాలి. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో ఉండాలి.

టమాటా సాస్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే సూత్రం అదే. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన రోజుల్లో పండు బాగా పండిపోయి దొరుకుతుంది, అలాంటి పండులో పులుపు తగ్గి ఉంటుంది. కాబట్టి వెనిగర్‌ను రుచికోసం వేసేదిగా చూడకూడదు. సాస్‌లో ఎసిటిక్ ఆమ్లం లెక్కన కనీసం 1 శాతం పులుపు ఉండాలని నిబంధనే ఉంది. గుజ్జు చిక్కబడి, పళ్లెంలో వేస్తే చుట్టూ నీరు విడవని స్థితికి వచ్చాక వెనిగర్ కలిపి, దించి, తూచి, కిలోకు 7 మిల్లీలీటర్ల ద్రావణం కలిపి, వేడిగా ఉండగానే సీసాల్లో నింపాలి. టమాటా పచ్చడి, గోంగూర వంటి వాటిలో తప్పదనుకుంటే కిలోకు రెండున్నర మిల్లీలీటర్లు మించకూడదు. ఉప్పు, నూనె సరిగా ఉంటే అదీ అక్కర్లేదని నా అనుభవం.

సీసా మూత తీయగానే బుడగలు, ‘టప్’మన్న శబ్దం, సారా వాసన వస్తే ఈస్ట్ పెరిగిందని అర్థం. కొన్ని రకాల ఈస్ట్‌లు బెంజోయేట్‌ను కూడా తట్టుకుంటాయి. అలాంటి సీసాను మళ్లీ కాచి, ఇంకాస్త పొడి కలిపి అమ్మడం దారుణమైన పని, పారబోయాలి. ఈ పొడి చెడబోయే దాన్ని ఆపుతుంది, చెడిన దాన్ని మంచి చేయదు, బూజు అప్పటికే వదిలిన విషాన్ని తీసేయదు.

తినేవారి శరీరంలో ఏం జరుగుతుంది

బెంజోయిక్ ఆమ్లం కాలేయంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి హిప్పూరిక్ ఆమ్లంగా మారి, మూత్రంలో బయటకు పోతుంది, శరీరంలో పేరుకుపోదు. ఈ గుణాన్నే వైద్యులు వాడుకుంటారు. పుట్టుకతో వచ్చే కొన్ని జీవక్రియ లోపాల వల్ల రక్తంలో అమోనియా పేరుకుపోయే పిల్లలకు, ఆసుపత్రి పర్యవేక్షణలో, కిలో బరువుకు రోజుకు 250 మిల్లీగ్రాముల వరకు సోడియం బెంజోయేట్ ఇస్తారు. తిండిలో ఎంతైనా తినవచ్చని దీని అర్థం కాదు, అది ప్రాణాపాయంలో వైద్యుడు తీసుకునే నిర్ణయం.

జీవితాంతం రోజూ తిన్నా హాని ఉండదని లెక్కగట్టిన మోతాదును ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో కిలో శరీర బరువుకు 5 మిల్లీగ్రాములుగానే ఉంచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2021లో తన పాత లెక్క 5 నుంచి 20కి పెంచింది. రెండింటిలో నేను తక్కువదాన్నే పట్టుకుంటాను, ముఖ్యంగా పిల్లల కోసం. పైన చేసిన స్క్వాష్‌లో ఒక పాలుకు మూడు పాళ్ల నీరు కలిపితే, 200 మిల్లీలీటర్ల గ్లాసులో 50 మిల్లీలీటర్ల స్క్వాష్, అంటే సుమారు 60 గ్రాములు ఉంటుంది. దానిలో బెంజోయిక్ ఆమ్లం 30 మిల్లీగ్రాములు. 60 కిలోల పెద్దవారికి రోజు పరిమితి 300 మిల్లీగ్రాములు కాబట్టి చింత లేదు. 15 కిలోల పిల్లవాడికి అది 75 మిల్లీగ్రాములే, రెండున్నర గ్లాసులతో నిండిపోతుంది. అదే రోజు వాడు నూడుల్స్‌లో సాస్, సాయంత్రం ఒక శీతల పానీయం, రాత్రి దగ్గు సిరప్ కూడా తీసుకుంటే, ఆ సిరప్‌లోనూ ఇదే ఉండవచ్చు. అందుకే వేసవిలో పిల్లలకు స్క్వాష్ రోజుకు ఒక గ్లాసు చాలని అమ్మేటప్పుడే చెబుతాను. అలా చెప్పినందుకు నా అమ్మకం తగ్గలేదు.

2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం ఇచ్చినప్పుడు కొందరు పిల్లల్లో అతి చురుకుదనం పెరిగినట్టు గమనించారు. రంగులూ, బెంజోయేటూ కలిపే ఇచ్చారు కనుక తప్పు ఏ ఒక్కదానిదో ఆ అధ్యయనం నుంచి తేల్చలేం. ఐరోపాలో తరువాత హెచ్చరిక రాయమన్నది ఆరు రంగుల మీదే. ఇంటి ద్రాక్ష స్క్వాష్‌కు కృత్రిమ రంగు అవసరమే లేదు కనుక, వేయకపోతే ఆ ప్రశ్నే రాదు. కొద్దిమందికి బెంజోయేట్ వల్ల దద్దుర్లు రావడం, ఉబ్బసం ఎక్కువ కావడం జరుగుతుంది. వాళ్లు సీసా మీద చూసి తప్పించుకోగలగాలంటే అక్కడ నిజం రాసి ఉండాలి. అలాగే, ఇంట్లో పిల్లి ఉంటే దానికి ఈ తినుబండారాలు పెట్టవద్దు. బెంజోయిక్ ఆమ్లాన్ని వదిలించుకునే శక్తి పిల్లి శరీరానికి చాలా తక్కువ.

సీసా మీద ‘అనుమతించిన రెండో తరగతి నిల్వ పదార్థం ఉంది (ఐఎన్ఎస్ 211)’ అని చదవగలిగే అక్షరాల్లో రాయాలి. కొందరు కొనేవారు వెనక్కి తగ్గుతారన్న భయంతో దీన్ని దాచి, ‘రసాయనాలు లేవు’ అని అచ్చు వేయిస్తున్నారు. అది చట్టవిరుద్ధం, దద్దుర్లు వచ్చే మనిషికి చేసే ద్రోహం కూడా. తయారు చేసిన తేదీ, విడత సంఖ్య సీసా మీద ఉండాలి. అదే సంఖ్య కింద ఒక నోటు పుస్తకంలో ఆ రోజు మొత్తం తూకం, పీహెచ్, వేసిన ద్రావణం మిల్లీలీటర్లు, కొన్న పొడి పొట్లం మీది లాట్ సంఖ్య రాసుకోవాలి. ప్రతి విడతలోంచి ఒక సీసాను అమ్మకుండా పక్కన పెట్టి, నెలకోసారి వెలుతురులో పట్టి చూడాలి. ఎవరైనా ఫోన్ చేసి సీసాలో నురుగు వచ్చిందని చెప్పిన రోజున ఆ పుస్తకంలోని ఆ వరుసే ముందుగా తెరవవలసింది.